చివరి బుడగ ఆగేదాకా

చిట్టితల్లికి అమ్మ దీవెనలు.

ఇక్కడ నేనూ మీ నాన్నా క్షేమం. అక్కడ నువ్వూ, పాపా, అల్లుడుగారూ, వదినగారూ అంతా క్షేమమని నమ్ముతున్నాను. ఈ రెండు మాటలూ ఇన్నేళ్లుగా నా చెయ్యి తనంతట తానే రాసేసేది. ఈసారి అలా రాయలేదు. కలం పక్కన పెట్టి, కిటికీ దగ్గర నిలబడి నిండా ఊపిరి పీల్చి, నెమ్మదిగా వదిలి, లోపల ఏమైనా గరగరమంటుందేమోనని విని, ఆ తర్వాత వచ్చి కూర్చుని రాశాను. కాబట్టి ఈ ఉత్తరంలో ఆ మాట నిజం.

నీ ఉత్తరం సోమవారం అందింది. మీ నాన్న గ్రీజు చేతులతోనే చించబోతుంటే, "ఆ చేతులతో ముట్టుకుంటే పాప బరువు కూడా కనిపించకుండా పోతుంది" అని లాక్కున్నాను. పాప రెండు కిలోలకు నూట యాభై గ్రాములు తక్కువని చదవగానే ఆయన మన సైకిలు కొట్లోకి వెళ్లి, పెడళ్ల జత ఒకటి, పెద్ద గంట ఒకటి, గొలుసులు రెండు అరచేతుల నిండా పట్టుకొచ్చారు. "ఇదిగో, సుమారుగా ఇంత ఉంటుంది మన పిల్ల" అన్నారు. ఆ ఇనుమంతా నా ఒళ్లో పోయించుకుని కాసేపు అలాగే కూర్చున్నాను. ఇంతే బరువులో ఒక గుండె, రెండు ఊపిరితిత్తులు, కళ్లు, పేగులు, ఇరవై గోళ్లు ఎలా సర్దాడో ఆ దేవుడు. మేము ఒక సైకిలు విప్పితే, మళ్లీ బిగించేసరికి రెండు నట్లు మిగిలిపోతాయి.

మీ నాన్న మోకాలు ఎలా ఉందని అడిగావు. మెట్లు ఎక్కేటప్పుడు నొప్పి, తినడానికి లేచేటప్పుడు లేదు. గాజుపెట్టెలోంచి తీసి పాపను నీ గుండెల మీద పడుకోబెట్టుకోనిస్తున్నారని రాశావు. ఆ వాక్యాన్ని మీ నాన్నకు మూడుసార్లు చదివి వినిపించాను. మూడోసారి ఆయన, "చాల్లే, కాగితం అరిగిపోతుంది" అని అటు తిరిగి స్పోకు బిగించసాగారు. ఆ స్పోకు అంతకు ముందే బిగించి ఉంది.

పాప తలకు సరిగ్గా సరిపోయిన ఆ పసుపుపచ్చ ఊలు టోపీ ఎవరిచ్చారో తెలియడం లేదని రాశావు. ఎవరో పక్కింటావిడ ఇచ్చి వెళ్లిందని నర్సు చెప్పిందనీ, మీ పక్కిల్లు ఆరు నెలలుగా తాళం వేసి ఉందనీ, "తాళంకప్ప టోపీ అల్లిందా అమ్మా?" అనీ అడిగావు. ఆ సంగతి నాకు తెలుసు. కానీ దానికి ముందు చెప్పాల్సినవి ఉన్నాయి. కాస్త ఓపిక పట్టు.

ఇంకొక మాట రాశావు. "పాప పుట్టి నెల దాటింది. అమ్మమ్మ ఇంతవరకూ అద్దానికి ఇవతలకి కూడా రాలేదు. మా అత్తగారు, మీ అమ్మగారికి ట్యూబులే మనవలు కాబోలు అంటున్నారు." వదినగారి మాటను నువ్వు నవ్వుతూనే రాసుంటావు. కానీ అంతకు ముందు వాక్యం దగ్గర కలం ఎంత గట్టిగా ఒత్తావంటే, వెనకవైపు వేలు పెడితే అక్షరాలు తగులుతున్నాయి. వదినగారిని నేను తప్పుపట్టను. ఆవిడ స్థానంలో నేనుంటే అంతకంటే నాలుగు మాటలు ఎక్కువే అనేదాన్ని, మనసులోనైనా.

నా ఫోను మైకు పాడైందని మీ నాన్న చేత అల్లుడుగారికి చెప్పించాను. పాడైంది ఫోను కాదు, నా రొమ్ము. రెండు మాటలు మాట్లాడితే మూడోది దగ్గు. నువ్వు వింటావని ఫోను ముట్టుకోలేదు, ఉత్తరాల్లో పడ్డాను. ఉత్తరానికి దగ్గు వినిపించదు కదా.

పాప పుట్టడానికి రెండు వారాల ముందు నాకు జలుబు చేసింది. మామూలు జలుబేననుకున్నాను. వారం తిరిగేసరికి జ్వరం, పసుపుపచ్చ కఫం, ఎగశ్వాస. మన వీధి చివర డాక్టరమ్మ దగ్గరికి వెళ్తే వీపు మీద గొట్టం పెట్టి విని, "బ్రాంకైటిస్. ఊపిరి గొట్టాలు వాచాయి. అయిదు రోజులు యాంటీబయాటిక్ వేసుకోండి. జ్వరం తగ్గుతుంది. దగ్గు మాత్రం మూడు నాలుగు వారాలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువే వెంట ఉంటుంది, కంగారుపడకండి" అన్నారు. ఆవిడ మొత్తం చెప్పారు. అయిదు రోజుల దగ్గర నా చెవులు మూసుకుపోయాయి. తప్పు నాదే.

అయిదు రోజుల మందూ గడియారం చూసుకుని మింగాను. జ్వరం పోయింది, కఫం తెల్లబడింది. ఆరో రోజు ఉదయం కొట్టు తలుపు తీయకముందు ఎప్పటిలాగే ప్రార్థనకు కూర్చున్నాను. మొదటి మాట నోట్లో ఉండగానే దగ్గు తెర. అది ఆగి మళ్లీ మొదలుపెడితే మళ్లీ తెర. ఆ రోజుల్లో దేవుడికి నా ప్రార్థన ఏ రోజూ పూర్తిగా చేరలేదు. ఆయన సగం విని మిగతా సగం ఊహించుకుని ఉంటాడు. చల్లగాలి తగిలితే దగ్గు, నవ్వితే దగ్గు, అతుకులు అంటించే సొల్యూషను డబ్బా మూత తీస్తే దగ్గు. పక్కటెముకలు ఎవరో కుమ్మినట్టు నొప్పి. పడుకుంటే రొమ్ములో సన్నటి ఈల. ఆ ఈల విని మీ నాన్న, "ఎవరి సైకిలుకో గాలి పోతోంది, లేచి చూడు" అని ఒక రోజు నిజంగానే లేపారు.

మందు అయిపోయిన మూడో రోజున అల్లుడుగారు ఫోను చేశారు, నీకు ఎనిమిదో నెల మొదట్లోనే కాన్పు అయిందని, పాపను గాజుపెట్టెలో పెట్టారని, ఊపిరితిత్తులు ఇంకా పక్వానికి రాలేదని. సంచి సర్దాను. చీటీలో రాసుకున్నవన్నీ పెట్టాను. సంచి భుజాన వేసుకోవడానికి వంగితే దగ్గు వచ్చింది. ఎంతసేపు దగ్గానో తెలియదు. తలెత్తి చూస్తే మీ నాన్న నా సంచి పట్టుకుని నిలబడి ఉన్నారు. దాన్ని తీసుకెళ్లి మంచం కింద పెట్టేశారు.

నీకు నిజం చెప్పొచ్చు కదా అంటావు. చెబితే నువ్వు, "ఫర్వాలేదమ్మా, మూతికి గుడ్డ కట్టుకుని రా" అంటావు. నువ్వు రమ్మన్నాక ఆగే శక్తి నాకు లేదు. అందుకని కొట్లో పని ఎక్కువగా ఉందని రాశాను. ఎంత చవకబారు సాకో రాసేటప్పుడే తెలుసు.

ఇక నా తెలివితక్కువతనం చెప్తాను. నువ్వు మన నీళ్లతొట్టి పక్కన పెరిగిన పిల్లవి, నీకు కొత్తగా చెప్పేదేముంది. ట్యూబుకు అతుకు వేశాక గాలి కొట్టి నీళ్లలో ముంచి వంద లెక్కపెడతాం. వంద అయ్యేలోపు ఒక్క బుడగ లేచినా ఆ అతుకు పనికిరాదు, పీకి మళ్లీ గరుకు కాగితం పెట్టాల్సిందే. ముప్పై ఏళ్లు అదే పని చేసిన బుర్ర ఇంకోలా ఎలా ఆలోచిస్తుంది? దగ్గు అంటే బుడగ. బుడగ లేస్తోందంటే రంధ్రం ఉన్నట్టే. రోగం లోపల అలాగే ఉంది, మందు సరిగా అతుక్కోలేదు, మళ్లీ వెయ్యాలి అనుకున్నాను. పాప దగ్గరికి త్వరగా రావాలన్న ఆత్రం ఒకటి. మీ నాన్నకు అప్పుడెప్పుడో పన్ను వాచినప్పుడు ఇచ్చిన మందులో ఆరు గొట్టం మాత్రలు డబ్బాలో మిగిలి ఉన్నాయి. వాపు తగ్గిందని ఆయన మానేసినవి. అవీ యాంటీబయాటిక్కే కదా అని ఎవరికీ చెప్పకుండా మింగేశాను. దగ్గు ఇసుమంతైనా తగ్గలేదు. కడుపు మాత్రం మూడు రోజులు నన్ను మంచం మీద కూర్చోనివ్వలేదు.

పంచరు పని మీ నాన్నకు అప్పగించాను. ఆయన చక్రాలు సరిచేయడంలో చెయ్యి తిరిగినవారు గానీ, అతుకు దగ్గర తొందర ఎక్కువ. సొల్యూషను ఆరకముందే నొక్కేస్తారు. పొద్దున్న అతికించుకున్నవాళ్లు సాయంత్రానికి సైకిలు నడిపించుకుంటూ వచ్చేవారు. కూరల బండి పెద్దాయన వరసగా మూడు రోజులు వచ్చాడు. మూడో రోజు, "అమ్మగారికి ఎప్పుడు తగ్గుతుందయ్యా?" అని అడిగాడు. మీ నాన్న, "ఆవిడకు తగ్గేదాకా మీరే కాస్త మేకులు చూసి తొక్కండి బాబాయ్" అన్నారు. నేను లోపల నవ్వలేక, నవ్వు దగ్గయి, గోడ పట్టుకుని నిలబడ్డాను.

ఈలోగా ఒక రోజు ఒక పని చేశాను. అది తర్వాత చెప్తాను. ఆ పని చేసి వచ్చిన మర్నాడే మళ్లీ డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాను. ఈసారి ఏదీ దాచలేదు. మిగిలిన మాత్రలు మింగిన సంగతీ చెప్పాను.

ఆవిడ తల పట్టుకున్నారు. "చచ్చిన పామును ఎన్నిసార్లు కొడతారండీ? అదీ పక్కవాళ్ల కర్రతో. పన్నుకిచ్చిన మందు రొమ్ముకు వేసుకుంటారా?"

"దగ్గు ఆగలేదమ్మా. ఆగకపోతే రోగం ఉన్నట్టే కదా."

"ఎవరు చెప్పారు?"

"ట్యూబు చెప్పింది" అన్నాను. నీళ్లతొట్టి సంగతి, వంద లెక్కపెట్టే సంగతి చెప్పాను. ఆవిడ నవ్వుతారనుకున్నాను. నవ్వలేదు. గడ్డం కింద చెయ్యి పెట్టుకుని చివరిదాకా విన్నారు. తర్వాత తన చెవుల్లోని గొట్టం తీసి నా చెవుల్లో పెట్టి, బిళ్లను నా రొమ్ము మీద ఆనించి, "ఊపిరి తీసుకోండి" అన్నారు.

చిట్టీ, యాభై ఏళ్లుగా నాలోనే ఉన్నదాన్ని ఆ రోజు మొదటిసారి విన్నాను. పెద్ద చెట్ల మీదుగా గాలి వెళ్లినట్టు ఒక హోరు. లోపలికి వెళ్లేటప్పుడు ఒక చప్పుడు, బయటికి వచ్చేటప్పుడు ఇంకొకటి. మధ్యలో గుండె, ఎవరో తలుపు వెనకాల ఆగకుండా దంచుతున్నట్టు. ఎక్కడో మూల సన్నటి గరగర కూడా ఉంది. నిద్రపోయినా, మరిచిపోయినా, ఎవరినైనా తిట్టుకుంటున్నా ఇది ఇలా సాగుతూనే ఉందన్నమాట. నేను నడిపింది ఒక్క ఊపిరీ లేదు. నాకు తెలియకుండానే కళ్లనిండా నీళ్లు వచ్చాయి. డాక్టరమ్మ నొప్పేమోనని బిళ్ల తీసేశారు.

"నొప్పి కాదమ్మా. ఇంకాసేపు ఉంచండి" అన్నాను.

అప్పుడావిడ చెప్పారు. ఊపిరి గొట్టాల లోపలి గోడకు కంటికి కనిపించనంత సన్నటి నూగు ఉంటుందట. మనం పీల్చిన దుమ్మునీ, కఫాన్నీ ఆ నూగు రాత్రనక పగలనక పైకి, పైకి ఊడ్చి పంపిస్తుందట. జబ్బు చేసినప్పుడు ఆ నూగు కాలిన గడ్డిలా రాలిపోతుంది. మందు పురుగును చంపుతుంది గానీ నూగును మొలిపించదు. అది తనంతట తానే మొలవాలి, కొన్ని వారాలు పడుతుంది. అది మొలిచేదాకా ఊడ్చే పని దగ్గు చేస్తుంది. కొత్తగా వస్తున్న చర్మం పచ్చిగా ఉంటుంది కాబట్టి చల్లగాలి తగిలినా, సొల్యూషను వాసన తగిలినా ఉలిక్కిపడుతుంది.

"మందు పని ఎప్పుడో అయిపోయింది. ఇప్పుడు లోపల జరుగుతున్నది మరమ్మతు. మీరు చేసేది కాదు, నేను చేసేది కాదు" అన్నారు. "మీ ట్యూబుకు ఆ విద్య రాదు కదా?"

రాదు. ఎన్ని వేల ట్యూబులు అతికించానో లెక్కలేదు. రంధ్రం పడ్డ ట్యూబు మేకుకు తగిలించి ఉంచితే, వారం తర్వాత తనంతట తాను పూడ్చుకుని కనిపించినది ఒక్కటీ లేదు. నా ఒంట్లో ఉన్న గొట్టాలకు మాత్రం ఆ విద్య వచ్చు. నేను కంగారుపడుతూ, ఏడుస్తూ, ఎవరి మందులో దొంగిలించి మింగుతూ ఉన్న అన్ని రోజులూ లోపల ఒక పనివాడు కూర్చుని, తల ఎత్తకుండా, ఒక్కొక్క పోగే మొలిపిస్తున్నాడు. కంగారు నాది, పని ఆయనది. ఇంటికి వచ్చి ప్రార్థనకు కూర్చున్నాను. ఆ రోజు అడగాల్సింది ఏదీ గుర్తురాలేదు. దగ్గు వచ్చింది. రానీ అనుకున్నాను. చీపురు చప్పుడు వింటున్నట్టు విన్నాను.

నెలలు నిండని మనవరాలు ఉందని చెప్పగానే మాత్రం డాక్టరమ్మ ముఖం మారిపోయింది. "ఇది మొదటి రోజే ఎందుకు చెప్పలేదు?" అని ఆ ఒక్కసారీ గట్టిగా అన్నారు. పెద్దవాళ్లలో ఇన్నాళ్లు సాగే దగ్గు ఒక్కోసారి కోరింత దగ్గు కావచ్చట, అది పసిపిల్లలకు ప్రమాదమట. ముక్కులోంచి పుల్లతో తీసి పరీక్షకు పంపారు. ఎక్స్‌రే తీయించారు. ఒక గొట్టంలోకి గట్టిగా ఊదించారు. నాకు పంపులతో అలవాటే కాబట్టి మంచి మార్కులే వచ్చాయి. వారం తర్వాత అన్నీ చేతికొచ్చాయి. కోరింత దగ్గు కాదు. ఎక్స్‌రేలో ఏమీ లేదు. ఆ నల్లటి ఫిల్మును వెలుగుకు పెట్టి చూపిస్తే, పక్కటెముకల మధ్య నల్లగా, శుభ్రంగా, ఏ మచ్చా లేకుండా రెండు రెక్కలు. మీ నాన్న కూడా చూశారు. "రెండు ట్యూబులూ బాగానే ఉన్నాయి. మరి రోజూ నన్ను కసిరే గాలి ఎక్కణ్నుంచి వస్తోందో" అన్నారు. డాక్టరమ్మ నవ్వు ఆపుకోలేకపోయారు.

పసిపిల్ల దగ్గరికి వెళ్లేవాళ్లు వేయించుకోవాలని ఒక టీకా కూడా వేశారు. అది పనిచేయడానికి రెండు వారాలు కావాలన్నారు. ఆ రెండు వారాలు మొన్న బుధవారంతో నిండాయి. దగ్గు ఇప్పుడు పూర్తిగా పోయిందని చెప్పను. పొద్దున్న లేవగానే మూడు నాలుగుసార్లు, మెట్లు ఎక్కితే ఒకసారి. ఈల ఆగింది. పక్కటెముకలు నొప్పి లేవు. మొన్న మొదటిసారి ప్రార్థన మొదటి మాట నుంచి చివరి మాట దాకా ఆగకుండా చెప్పాను.

ఇక దాచిన సంగతి. టోపీ సంగతి.

పాప తల చుట్టుకొలత ఇరవై తొమ్మిది సెంటీమీటర్లని అల్లుడుగారు ఫోనులో చెప్పినప్పుడు మీ నాన్న చెయ్యి మీద రాసుకున్నారు. నేను కొట్లో ఆ కొలతకు సరిపోయే వస్తువు కోసం వెతికాను. పాత సైకిలు లైటు డోము దొరికింది. ఊలు టోపీ దాని మీద పెట్టి చూసుకుంటూ అల్లాను. అల్లేటప్పుడు మూతికి గుడ్డ కట్టుకున్నాను. మరిగే నీళ్లలో ఉతికి, రెండు రోజులు ఎండలో పెట్టి, కొత్త కవరులో పెట్టాను. పాప పుట్టిన పదకొండో రోజున, వాల్వు రబ్బర్లు అయిపోయాయి, తెస్తానని మీ నాన్నతో చెప్పి పొద్దున్న మొదటి బస్సు ఎక్కాను.

మీ ఆసుపత్రికి వచ్చాను, చిట్టీ.

మూడో అంతస్తులో అద్దాల గది. మధ్యాహ్నం మూడింటికి తెర తీస్తారని కింద అడిగి తెలుసుకున్నాను. మూతికి రెండు పొరల గుడ్డ కట్టుకుని, అందరికీ దూరంగా చివర నిలబడ్డాను. తెర తీశారు. కిటికీ నుంచి రెండో పెట్టె మీద నీ పేరు రాసుంది. అందులో పాప.

చూసినది నీకు ఎలా రాయాలో తెలియడం లేదు. అరచేతిలో పట్టేంత రొమ్ము. దాని మీద చర్మం ఉల్లిపొరలా ఉంది. ముక్కు దగ్గర సన్నటి గొట్టం. ఊపిరి తీసుకుంటే పక్కటెముకలన్నీ ఒక్కొక్కటే లెక్కపెట్టేలా పైకి లేచి, మళ్లీ లోపలికి పోతున్నాయి. ఆ చిన్న ఒంట్లో ఉన్న పని అంతా అదొక్కటే. నా పెదవులు వాటంతట అవే లెక్కపెట్టడం మొదలుపెట్టాయి. తొట్టి దగ్గర అలవాటు. ఒకటి, రెండు, మూడు. నలభై దాకా వచ్చాను. నలభై ఒకటికి రొమ్ము లేవలేదు. నలభై రెండుకూ లేవలేదు. లోపల ఏదో దీపం ఎర్రగా వెలిగింది. నా ఊపిరి కూడా ఆగిపోయింది. ఒక నర్సు తొందరపడకుండా వచ్చి, పెట్టెలోకి చెయ్యి పెట్టి, పాప అరికాలిని వేలితో మెల్లగా రాసింది. అంతే. రొమ్ము లేచింది.

తర్వాత ఆవిడ బయటికి వస్తే అడిగాను, ఏమైందమ్మా అని.

"ఏమీ కాలేదండీ. నెలలు నిండని పిల్లలు ఒక్కోసారి ఊపిరి తీసుకోవడం మరిచిపోతారు. మేం గుర్తు చేస్తాం" అంది.

ఎంత మామూలుగా చెప్పిందో. మరిచిపోతుందట, గుర్తు చేస్తే చాలట. మనందరం కూడా అంతేనేమో, మన అరికాలు రాసే వేలు మనకు కనిపించదు. ఆ వేలికి మనసులోనే నమస్కరించుకున్నాను, నర్సుకూ, ఆవిడ వెనకాల ఉన్నవాడికీ.

అప్పుడు ఆవిడ నన్ను తేరిపార చూసి, "రెండో పెట్టె పాపకేనా? మీరు అమ్మమ్మా?" అని అడిగింది.

కాదన్నాను.

అవునంటే నిన్ను పిలుస్తుంది, నువ్వు పరిగెత్తుకొస్తావు, చేతులు కడిగించి లోపలికి తీసుకెళ్తారు. ఊపిరి తీసుకోవడమే మరిచిపోయే బిడ్డ దగ్గర, రొమ్ములో ఏముందో తెలియని నేను. "వాళ్ల పక్కింటావిడను. ఇది ఇచ్చి పోదామని వచ్చాను" అని కవరు చేతిలో పెట్టాను. నా నోటితోనే, నా మనవరాలి ఎదురుగా, నేను దానికి ఏమీ కానని చెప్పాను. నా జీవితంలో చాలా చిన్న అబద్ధాలు ఆడాను. అంత పెద్దది ఇదే.

వెనక్కి తిరిగేసరికి నువ్వు వస్తున్నావు. చేతిలో పాల సీసా, ఇంకో చెయ్యి గోడ మీద, ఎడమ చెప్పు ఈడుస్తూ. చిన్నప్పుడూ అలసిపోతే నువ్వు ఎడమ చెప్పే ఈడ్చేదానివి. నేను గోడ మీద అంటించిన కాగితాన్ని చదువుతున్నట్టు అటు తిరిగి నిలబడ్డాను. చేతులు కడుక్కోవాలని రాసుంది అందులో. నువ్వు నా పక్కనుంచే, రెండు బారల దూరంలో వెళ్లిపోయావు. అప్పుడే దగ్గు ముంచుకొచ్చింది. రుమాలు నోట్లో కుక్కుకుని మూడంతస్తులూ దిగి, ఆవరణలో కుళాయి దగ్గర కూర్చుని దగ్గాను. ఎవరో ఒకావిడ వీపు రాసి, "ఎవరు పోయారమ్మా?" అని అడిగింది. "ఎవరూ పోలేదమ్మా, వచ్చారు" అన్నాను. ఆవిడకు అర్థం కాలేదు.

ఇంటికి వచ్చాక మీ నాన్న నా ఖాళీ చేతులు చూసి, "వాల్వులకని వెళ్లి కళ్లు ఎర్రగా చేసుకొచ్చావే" అన్నారు. చెప్పేశాను. ఆయన, "ఎవరి పోలిక?" అని మాత్రం అడిగారు. ఊపిరి పీల్చే తీరు నీ పోలిక అన్నాను. అది ఎలా తెలుసని అడగలేదు. నువ్వు పుట్టినప్పుడు కూడా నేను లెక్కపెట్టానని ఆయనకు తెలుసు.

ఈ సంగతి నీకు కోపం తెప్పిస్తుందో, ఏడిపిస్తుందో నాకు తెలియదు. రెండూ నీ హక్కే. నీ పక్కన ఉండాల్సిన రోజుల్లో లేను. పక్కనే నిలబడి కూడా లేను. నన్ను క్షమించమని అడగడం తల్లికి తగదంటారు. నేను అడుగుతున్నాను.

డాక్టరమ్మ రాసిచ్చిన కాగితం, పరీక్షల కాగితాలు ఈ కవరులోనే పెట్టాను. పాపను చూసే డాక్టరుగారికి చూపించు. ఆయన సరేనంటేనే వస్తాను, ఇంకో వారం ఆగమంటే ఆగుతాను. సరేనంటే అల్లుడుగారి చేత మీ నాన్నకు ఒక్క ముక్క చెప్పించు, గురువారం మొదటి బస్సుకు బయల్దేరతాను. లేదంటే నువ్వే చెయ్యి, ఈసారి ఫోను నేనే తీస్తాను. మధ్యలో ఒకటి రెండుసార్లు దగ్గితే భయపడకు, అది చీపురు చప్పుడు. సంచి మంచం కింద నుంచి మీ నాన్నే తీసి గుమ్మం దగ్గర పెట్టారు. వదినగారితో చెప్పు, ట్యూబులను వాటి తాతకు అప్పగించి వస్తున్నానని.

వచ్చాక నన్ను తిన్నగా మూడో అంతస్తుకు తీసుకెళ్లు. ఆ నర్సు డ్యూటీలో ఉండే వేళకే వెళ్దాం. ఆవిడ నన్ను గుర్తుపట్టి, పక్కింటావిడ కదూ అంటుంది. అననీ. ఆవిడకు నేను ఒక జవాబు బాకీ ఉన్నాను. నీ ఎదురుగా, పాప ఎదురుగా అదే ప్రశ్న ఇంకొక్కసారి అడగమంటాను. పాప పుట్టినప్పటి నుంచి నోటితో అనడానికీ, కాగితం మీద పెట్టడానికీ భయపడుతూ వచ్చిన మాటను కింద మొదటిసారి నా మాటగా రాస్తున్నాను. అక్షరాలు కాస్త వంకరపోతాయి. పాపకు ఇంకా చదువు రాదు కాబట్టి ఏమీ అనుకోదు.

ఇట్లు,
నీ అమ్మ,
మన పాపకు అమ్మమ్మ.